ఉరి తేదీ పడ్డాక జైల్లో ఏం జరుగుతుంది?

వర్గల్ నుంచి మాట్లాడుతున్నా. ఈ ఎపిసోడ్ కొంచెం బరువైనది. తింటూ చూసేవాళ్లుంటే తిన్నాకే చూడండి.

మొన్న గౌరారం చౌరస్తాలో ఛాయ్ తాగుతుంటే ఇంటర్ చదివే ఒక తమ్ముడు పక్కకొచ్చి కూర్చున్నాడు. ఫోన్లో ఏదో కేసు తీర్పు వార్త చూస్తున్నాడు. "అన్నా, కోర్టు ఉరి అన్నది గదా. మరి ఇంకా ఎందుకు ఏస్తలేరు? తెల్లారే ఏసేస్తే అయిపోతది గదా?" అన్నాడు. పక్కనున్న ఇద్దరు ముగ్గురు కూడా అవునన్నారు. నేను జవాబు చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయా. నాకే సగం తెలియదని అప్పుడర్థమైంది. ఆ తర్వాత కూర్చుని చదివిందే ఈ ఎపిసోడ్.

మొదట సినిమాల్లో చూసింది కాస్త పక్కన పెడదాం. జడ్జి తీర్పు రాసి పెన్ను పాళీ విరగ్గొడతాడు. అది కొందరు జడ్జీలు పాటించే అలవాటే తప్ప చట్టంలో ఎక్కడా లేదు. ఇంకోటి, "నీ ఆఖరి కోరిక ఏంటి?" అని అడగడం. అడిగిందల్లా తీర్చాలనే చట్టమేదీ మన దగ్గర లేదు. మెజిస్ట్రేట్ వచ్చి అడిగేది వేరే విషయం: నీ ఆస్తి ఎవరికి చెందాలి, వీలునామా ఏమైనా రాస్తావా అని. అమెరికాలో ఆఖరి భోజనం ఆనవాయితీ ఉంది. అక్కడ కూడా టెక్సాస్ రాష్ట్రం 2011లో దాన్ని ఆపేసింది.

ఇక అసలు విషయం. జిల్లా సెషన్స్ కోర్టు ఉరిశిక్ష వేస్తే అది అప్పటికి పూర్తయిన శిక్ష కాదు. హైకోర్టు దాన్ని ఖాయం చేస్తేనే అమలవుతుంది. ఖైదీ అప్పీలు వేసినా వేయకపోయినా ఫైలు హైకోర్టుకు పోవాల్సిందే. 2019లో హన్మకొండలో తొమ్మిది నెలల పసిపాపను చంపిన కేసు మీకు గుర్తుండే ఉంటుంది. రెండు నెలలు కూడా తిరక్కముందే కింది కోర్టు ఉరి వేసింది. ఊరూరా మెచ్చుకున్నారు, నేను కూడా స్టేటస్ పెట్టా. అదే ఏడాది నవంబర్లో హైకోర్టు దాన్ని చచ్చేదాకా జైలుగా మార్చింది. ఆ వార్త స్టేటస్ పెట్టినోళ్లలో ఎంతమంది చదివారో నాకు తెలియదు. నేనైతే చాన్నాళ్ల తర్వాత చదివా.

హైకోర్టు ఖాయం చేశాక సుప్రీంకోర్టు. అక్కడ ఓడిపోతే రివ్యూ, అదీ పోతే క్యూరేటివ్ పిటిషన్. అవన్నీ అయిపోయాక మిగిలేది క్షమాభిక్ష. రాజ్యాంగంలో 161వ అధికరణం కింద గవర్నర్‌కు, 72వ అధికరణం కింద రాష్ట్రపతికి ఆ అధికారం ఉంది. ఇంతకుముందు దీనికి చట్టంలో గడువు లేదు. 2024 జులై 1 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త చట్టం, అంటే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, గడువు పెట్టింది. సుప్రీంకోర్టులో కేసు పోయిందని జైలు సూపరింటెండెంట్ చెప్పిన 30 రోజుల్లోపు అర్జీ పెట్టుకోవాలి. గవర్నర్ కాదంటే, అక్కణ్నుంచి 60 రోజుల్లోపు రాష్ట్రపతికి.

ఈ ఏళ్లన్నీ మనిషి ఎక్కడుంటాడు? చాలామంది ఊహించుకునేది చీకటి గదిలో ఒంటరిగా అని. 1894 నాటి ప్రిజన్స్ యాక్ట్ 30వ సెక్షన్ అలాగే ఉంటుంది: ఉరిశిక్ష పడ్డవాణ్ని వేరే గదిలో పెట్టాలి, రాత్రింబవళ్లు కాపలా ఉండాలి, మీద ప్రమాదకరమైన వస్తువేదీ లేకుండా తనిఖీ చేయాలి. తీహార్ జైల్లో ఉరిశిక్ష పడి ఉన్న సునీల్ బత్రా అనే ఖైదీ దీని మీద సుప్రీంకోర్టుకు ఎక్కాడు. 1978లో కోర్టు ఏం చెప్పిందంటే, క్షమాభిక్షతో సహా అన్ని దారులూ మూసుకుపోయి, ఇక శిక్ష అమలే మిగిలినప్పుడే ఆ సెక్షన్ వర్తిస్తుంది. అప్పటిదాకా అతను మిగతా ఖైదీల్లాగే ఉండొచ్చు, తినొచ్చు, మాట్లాడొచ్చు. అంటే తీర్పు పడ్డ రోజు నుంచీ ఒంటరి గదిలో పెట్టడం కుదరదు.

లెక్క కూడా చెప్తా. అప్పట్లో ఢిల్లీ నేషనల్ లా యూనివర్సిటీలో ఉన్న ప్రాజెక్ట్ 39ఏ లెక్కల ప్రకారం 2023 ఆఖరుకు దేశంలో 561 మంది ఉరిశిక్ష మీద ఉన్నారు. 2000 తర్వాత నిజంగా ఉరి తీసింది ఎనిమిది మందిని. 2004లో ధనంజయ్ చటర్జీ, 2012లో కసబ్, 2013లో అఫ్జల్ గురు, 2015లో యాకూబ్ మెమన్, 2020 మార్చి 20న నిర్భయ కేసులో నలుగురు. మిగతావాళ్లు ఎదురుచూస్తూ ఉంటారు. ప్రతి ఉదయం బూట్ల చప్పుడు వినిపిస్తే ఎవరికోసమో అనుకుంటూ. అదే యూనివర్సిటీ వాళ్లు 2016లో వేసిన రిపోర్టులో, ఉరిశిక్ష ఖైదీల్లో నాలుగింట మూడొంతుల మంది ఆర్థికంగా అడుగున ఉన్నవాళ్లే అని తేలింది.

ఇప్పుడు తమ్ముడు అడిగిన ఘట్టానికి వద్దాం. రాష్ట్రపతి కాదన్నారు. తర్వాత?

మొదట ఆ మాట ఖైదీకి చెప్పాలి. వినడానికి చిన్నదిగా ఉంటుంది కానీ దీని మీద పెద్ద గొడవే నడిచింది. అఫ్జల్ గురును ఉరి తీయబోతున్న సంగతి వాళ్ల ఇంటికి స్పీడ్ పోస్టులో పంపారు. ఆ ఉత్తరం అందేసరికి మనిషి పోయి రెండు రోజులైంది. 2014 జనవరి 21న శత్రుఘ్న చౌహాన్ కేసులో సుప్రీంకోర్టు ఒకేసారి 15 మంది ఉరిశిక్షల్ని యావజ్జీవంగా మార్చింది. అందులో చాలావాటికి కారణం క్షమాభిక్ష ఫైలు ఏళ్లకేళ్లు నానడం, కొందరి విషయంలో మతి స్థిమితం లేకపోవడం. అదే తీర్పులో జైళ్లకు నియమాలు పెట్టింది. క్షమాభిక్ష తిరస్కరించిన సంగతి రాతపూర్వకంగా ఖైదీకీ కుటుంబానికీ చెప్పాలి. చెప్పిన రోజుకీ ఉరి రోజుకీ మధ్య కనీసం 14 రోజులు ఉండాలి. లాయర్ని ఇవ్వాలి. ఆరోగ్యం, మానసిక స్థితి డాక్టర్లు చూడాలి. ఇంటివాళ్లతో ఆఖరిసారి కలవనివ్వాలి. తర్వాత పోస్టుమార్టం చేయాలి.

14 రోజులు ఎందుకు? కోర్టు చెప్పిన కారణాలు ఇవే: మనిషి తన లెక్కలు చూసుకోవాలి, మనసు కుదుటపరుచుకోవాలి, ఇంటివాళ్లను చూడాలి, చట్టంలో ఇంకేదైనా దారి మిగిలి ఉంటే వెతుక్కోవాలి. జపాన్‌లో దీనికి తలకిందులుగా ఉంటుంది. అక్కడ ఖైదీకి చెప్పేది ఆ ఉదయమే, గంటా రెండు గంటల ముందు. ఏళ్ల తరబడి ప్రతి పొద్దునా ఇవాళేనేమో అనుకుంటూ లేవాలి. ఈ రెండిట్లో ఏది నయమో నాకు తేలలేదు, ఎంత ఆలోచించినా.

తేదీ పెట్టేది జైలు కాదు, మొదట శిక్ష వేసిన సెషన్స్ కోర్టు. ఆ కాగితాన్నే అందరూ బ్లాక్ వారెంట్ అంటారు. నిర్భయ కేసులో ఆ కాగితం నాలుగుసార్లు వచ్చింది: జనవరి 22, ఫిబ్రవరి 1, మార్చి 3, మార్చి 20. మూడుసార్లు ఆగి నాలుగోసారి జరిగింది.

వారెంట్ వచ్చాక జైల్లో మొదలయ్యే పని చాలా మామూలు పనిలా ఉంటుంది. అందుకే నాకు వణుకు పుట్టింది. ఖైదీ బరువు తూస్తారు. ఎత్తు, మెడ కొలత చూస్తారు. బరువును బట్టి తాడు ఎంత పొడవు వదలాలో జైలు మాన్యువల్‌లో పట్టిక ఉంటుంది. మనిషి బరువుంటే తాడు పొట్టి, సన్నగా ఉంటే తాడు పొడుగు. లెక్క తప్పితే జరిగేది నేను చెప్పను, మీరే అర్థం చేసుకోండి. మనిషి బరువుకు ఒకటిన్నర రెట్లు ఇసుక మూటకు నింపి, దాన్ని వేలాడదీసి తాడునూ పలకనూ పరీక్షిస్తారు. తాడుకు మైనమో నెయ్యో పట్టించి మెత్తగా చేస్తారు. పరీక్ష అయ్యాక పెట్టెలో పెట్టి తాళం వేసి సీలు వేస్తారు. ఉత్తరాది జైళ్లకు ఆ తాళ్లు బీహార్‌లోని బక్సర్ జైలు నుంచి వస్తాయి. అవి నేసేది కూడా ఖైదీలే.

ఆ రోజుల్లో గది ముందు కాపలాదారు కళ్లు తిప్పడు. బెల్టు, తాడు, గాజు, లోహం ఏదీ దగ్గరుండనివ్వరు. తనంతట తాను చావకుండా చూడటం జైలు బాధ్యత. వింతగా ఉంటుంది కానీ రూలు అదే: జబ్బు చేస్తే వైద్యం చేస్తారు, తినకపోతే డాక్టర్ వస్తాడు. ఇంటివాళ్లు వస్తారు. ఏం మాట్లాడుకుంటారో ఎవరూ రాసిపెట్టరు.

ఆ ఉదయం పెందలాడే పని అవుతుంది. మిగతా ఖైదీలందర్నీ బ్యారక్‌ల్లో తాళం వేసి ఉంచుతారు. స్నానానికి నీళ్లిస్తారు. సూపరింటెండెంట్, డాక్టర్, మెజిస్ట్రేట్ వస్తారు. వారెంట్ చదివి వినిపిస్తారు. చేతులు వెనక్కి కడతారు, ముఖానికి నూలు తొడుగు వేస్తారు, ఉరికంబం కనబడకుండా. తర్వాత శరీరాన్ని అరగంట అలాగే ఉంచుతారు. డాక్టర్ చూసి చనిపోయాడని రాసిస్తేనే దించుతారు. బంధువులెవర్నీ అక్కడికి రానివ్వరు.

2020 మార్చి 20న నేను పొద్దున నాలుగింటికి లేచి టీవీ పెట్టా. సుప్రీంకోర్టులో రాత్రి రెండున్నర దాటాక కూడా వాదనలు నడిచాయి. అయిదున్నరకు అయిపోయిందని వార్త. బయట జనం జెండాలు ఊపుతున్నారు. నేను నాయనమ్మను లేపి చెప్పా. ఆమె కండ్లు తుడుచుకుని, "ఆ పిల్ల తల్లి ఇయ్యాలన్నా నిద్రవోతది కావొచ్చు. గా నలుగురి తల్లులు ఏం జేస్తున్నరో పాపం" అన్నది. నాకు కోపమొచ్చింది ఆమె మీద. ఆ కోపం ఎందుకొచ్చిందో ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను.

ఇదంతా ఢిల్లీ కథ అనుకోకండి. మన దగ్గర కూడా జరిగింది. మన వర్గల్ దిక్కు ఎవరికైనా జబ్బు ముదిరితే అంబులెన్స్ ఎక్కించి గాంధీకి తీసుకుపోతాం కదా. ఆ గాంధీ దవాఖాన ఉన్న జాగాలో ఒకప్పుడు ముషీరాబాద్ జైలు ఉండేది. మా బాపుతో నేను అక్కడ ఆరు రోజులున్నా. పక్క మంచం పెద్దాయన, "ఈడ్నే జైలుండె బిడ్డా, ఈడ్నే ఉరి తీసిన్రు ఇద్దర్ని" అంటే నమ్మలేదు. తర్వాత చదివితే నిజమే.

1975 డిసెంబర్ 1, ఎమర్జెన్సీ రోజులు. ఆదిలాబాద్ జిల్లాకు చెందిన భూమయ్య, కిష్టాగౌడ్ అనే ఇద్దరిని ముషీరాబాద్ జైల్లో ఉరి తీశారు. భూస్వాముల హత్య కేసుల్లో 1972లో శిక్ష పడ్డ నక్సలైట్ రైతులు వాళ్లు. అంతకుముందు తేదీ పెట్టి, లాయర్లు పరుగులు పెట్టి కోర్టుల్లో ఆపించారు. వాళ్ల తరఫున నిలబడ్డవాళ్లలో కె.జి. కన్నబిరాన్ ఒకరు. చివరికి ఆ తేదీ ఆగలేదు. వాళ్లు చేసింది ఒప్పా తప్పా అనేది ఈ ఎపిసోడ్ విషయం కాదు, దాని మీద ఇప్పటికీ మన ఊళ్లల్లో రెండు మాటలుంటాయి.

కానీ ఆ కేసులో ఒక సంగతి మిగిలింది. సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ వాళ్ల పిటిషన్‌ను కొట్టేస్తూనే ఒక మాట రాశారు. ఒకసారి క్షమాభిక్ష కాదన్నంత మాత్రాన రాష్ట్రపతి అధికారం అయిపోదు, మళ్లీ అడగొచ్చు, రాష్ట్రపతి మళ్లీ చూడొచ్చు అని. ఆ మాట వాళ్లిద్దరికి అక్కరకు రాలేదు.

ఇరవై రెండేళ్ల తర్వాత ఇంకో ఇద్దరికి ఆ దారే మిగిలింది. 1993 మార్చి 8. హైదరాబాద్ నుంచి చిలకలూరిపేట పోతున్న ఆర్టీసీ బస్సు. చలపతిరావు, విజయవర్ధనరావు అనే ఇద్దరు యువకులు దోపిడీ చేయాలని పెట్రోలు పట్టుకుని ఎక్కారు. బెదిరించడానికని పెట్రోలు చల్లారు. బస్సు అంటుకుంది. 23 మంది సజీవంగా కాలిపోయారు. ఈ సంఖ్యను ఒకసారి ఆగి చూడండి. నిద్రలో ఉన్నవాళ్లు, పొద్దున్నే ఇంటికి చేరతామనుకున్నవాళ్లు. ఎవరి తరఫున మాట్లాడినా ముందు వీళ్లను తలుచుకోవాలి. గుంటూరు కోర్టు 1995లో ఉరి వేసింది. హైకోర్టు సరేనంది. 1996లో సుప్రీంకోర్టు సరేనంది. రాష్ట్రపతి శంకర్ దయాళ్ శర్మ క్షమాభిక్ష కాదన్నారు.

1997 మార్చి నెలాఖరుకు రాజమండ్రి సెంట్రల్ జైల్లో తేదీ పడింది. రాజమండ్రిలో అంతకుముందు ఉరి తీసింది 1976లో. ఇరవై ఏళ్లుగా వాడని ఉరికంబం. నేను ఇప్పటిదాకా చెప్పిన బరువు తూచడం, తాడు, ఇసుక మూట, ఇవన్నీ ఎదురుగా పెట్టుకుని బతికిన ఇద్దరు తెలుగువాళ్లు వీళ్లు. బయట పౌరహక్కుల వాళ్లు, దళిత సంఘాలు తిరుగుతున్నాయి. వాళ్ల వాదన ఇది: వీళ్లిద్దరూ పేద దళిత పిల్లలు, చంపాలని ఎక్కలేదు, ఇంతకంటే ఎక్కువమందిని కావాలని చంపినవాళ్లు బయట తిరుగుతున్నారు. ఎదుటివాళ్ల వాదన కూడా గట్టిదే: 23 శవాలున్నాయి, చంపాలని అనుకోలేదంటే ఎవరికి ఊరట?

తేదీ ముంచుకొచ్చాక సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. బెంగాలీ రచయిత్రి మహాశ్వేతా దేవి లాంటివాళ్లు రాష్ట్రపతికి మళ్లీ అర్జీ పెట్టారు. ఈలోపు రాష్ట్రపతి మారారు, కె.ఆర్. నారాయణన్ వచ్చారు. 1998లో ఆయన ఇద్దరి శిక్షనూ యావజ్జీవంగా మార్చారు. అదే కేసు, అవే సాక్ష్యాలు, అదే నేరం. ఒక రాష్ట్రపతి కాదన్నారు, ఇంకొకరు సరేనన్నారు. మధ్యలో స్టే ఒక్కరోజు ఆలస్యమై ఉంటే రెండో అర్జీ చదవడానికి మనుషులు ఉండేవాళ్లు కాదు.

ఇలా ఆగడం మన దగ్గరే కాదు. అమెరికాలో పెన్సిల్వేనియా రాష్ట్రంలో ఒక తెలుగు సాఫ్ట్‌వేర్ ఇంజినీర్‌కు, పసిపాపను, ఆ పాప నాయనమ్మను చంపిన కేసులో 2014లో మరణశిక్ష పడింది. 2018 ఫిబ్రవరి 23 అని తేదీ కూడా పెట్టారు, విషపు ఇంజెక్షన్‌తో. అది జరగలేదు, ఎందుకంటే ఆ రాష్ట్ర గవర్నర్ 2015 నుంచే మరణశిక్షల అమలు ఆపి ఉంచారు. చనిపోయిన పాప కూడా తెలుగింటి బిడ్డే. అక్కడ కూడా రెండు ఇళ్లు, రెండు ఎదురుచూపులు.

ఇంకో చిన్న సంగతి, చాలామందికి తెలియదు. ఉరిశిక్ష పడ్డ స్త్రీ గర్భవతి అని తేలితే హైకోర్టు ఆ శిక్షను యావజ్జీవంగా మార్చాల్సిందే. ఇంతకుముందు కాన్పు అయ్యేదాకా వాయిదా వేసి తర్వాత తీసే వీలుండేది. చట్టం మార్చారు.

తమ్ముడి ప్రశ్నకు వస్తా. మొన్న ఆదివారం మళ్లీ కలిశాడు. ఇదంతా చెప్పా, చిలకలూరిపేట సంగతి కూడా. చాలాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, బస్సులో మా అక్క ఉండుంటే నేను గట్లనే అంటుంటి, తెల్లారే ఏసేయుమని" అన్నాడు. నేను, "నీ తోబుట్టువు పెట్రోలు సీసా పట్టుకుని ఎక్కి ఉంటే?" అన్నా. వాడు నన్ను చూసి, "గదే అన్నా, గది ఆలోచించలే" అన్నాడు. ఛాయ్ డబ్బులు వాడే ఇచ్చి, ట్యూషన్ ఉందని లేచి పోయాడు.

సరే మరి, ఈసారికి ఇంతే. వచ్చే ఎపిసోడ్‌లో యావజ్జీవం అంటే నిజంగా 14 ఏళ్లేనా, ఆ లెక్క ఎక్కడి నుంచి పుట్టింది అనేది చూద్దాం. ఉంటా.